బొగ్గు దారిలో నల్లజాతి ఎర్రజెండా

కూలి రేటు, ఒంటి రంగు, విదేశాంగ విధానం ఈ మూడూ ఒకే ఖాతాలోని పద్దులని నల్లజాతి వామపక్షం అంటుంది. పరాయి నేలను ఆక్రమించిన పెట్టుబడి, ఆ నేల మీది మనుషులతో చౌకగా పని చేయించుకోవడానికి జాతి అనే మెట్టు కట్టింది. ఆ మెట్టును కాపాడటానికి చట్టాలు, జైళ్లు, సైన్యాలు, దేశాల మధ్య ఒప్పందాలు పుట్టాయి. నూరేళ్లకు పైగా సాగుతున్న ఈ ఆలోచనకు పత్తి చేలు, ఓడరేవులు, గనులు సాక్ష్యం ఇచ్చాయి. కమాన్‌పూర్, రామగుండం, గోదావరిఖని వైపు బాయి పని ఎరిగినవారికి దీన్ని బొగ్గు దారి పట్టుకుని చదవడం సులువు.

అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. రద్దు చేసిన రాజ్యాంగ సవరణే నేరానికి శిక్షగా వెట్టి చేయించుకోవచ్చని ఒక సందు వదిలింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందులోంచి కొత్త బానిసత్వాన్ని నడిపాయి. పని లేకుండా తిరుగుతున్నాడన్న నెపం మీద నల్లవారిని పట్టుకుని శిక్ష వేయడం, ఆ ఖైదీలను కంపెనీలకు కిరాయికి ఇవ్వడం మామూలైపోయింది. అలబామాలో బర్మింగ్‌హామ్ చుట్టూ ఉన్న బొగ్గు గనులు ఇలాంటి ఖైదీలతో నడిచాయి. 1911 ఏప్రిల్‌లో అక్కడి బ్యానర్ గనిలో పేలుడు జరిగి 128 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు నల్లజాతి ఖైదీలు. చిన్న చిన్న నేరాలకు కొద్ది రోజుల శిక్ష పడ్డవారు సైతం శవాలై బయటికొచ్చారు. ఈ ఖైదీ కిరాయి పద్ధతిని అలబామా 1928 దాకా వదల్లేదు. జైలు వ్యవస్థ వేళ్లు బానిసత్వంలో ఉన్నాయని తర్వాత వాదించిన ఏంజెలా డేవిస్ ఆ బర్మింగ్‌హామ్‌లోనే 1944లో పుట్టారు.

ఈ అనుభవానికి సిద్ధాంత రూపం ఇచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. మొదటి ప్రపంచ యుద్ధం వేళ్లు ఆఫ్రికా పంపకంలో ఉన్నాయని ఆయన 1915లోనే రాశారు. వలసల దోపిడీలో చిన్న వాటా ముట్టడం వల్ల ఐరోపా కార్మికుడు తన యజమాని పక్కన నిలబడుతున్నాడని ఆయన విశ్లేషణ. 1935లో వచ్చిన ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్ ఇన్ అమెరికా’ ఇంకా ముందుకు వెళ్లింది. అంతర్యుద్ధ కాలంలో తోటలు విడిచి వెళ్లిపోయిన బానిసలది సార్వత్రిక సమ్మె అని ఆ పుస్తకం వాదించింది. తక్కువ కూలికి పనిచేసే తెల్ల కార్మికుడికి తెల్లదనం వల్ల దక్కే గౌరవమే అదనపు కూలి అయిందనీ, అందుకే అతను నల్ల కార్మికుడితో చేయి కలపలేదనీ డుబాయిస్ చూపించారు. ఒకే షిఫ్టులో దిగిన ఇద్దరు ఊళ్లోకి వచ్చేసరికి వేర్వేరు వాడలకు విడిపోవడం చూసిన తెలుగు పాఠకుడికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. అంబేద్కర్‌కూ ఈ పోలిక తెలుసు. అమెరికా నల్లవారు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతుల కోసం 1946 జులైలో ఆయన డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. డుబాయిస్ ఆదరంగా జవాబిచ్చారు.

నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ డుబాయిస్ మాటనే పాటగా మోశాడు. 1929లో లండన్ వీధిలో పాడుకుంటూ సాగుతున్న వేల్స్ బొగ్గు కార్మికులు ఆయనకు ఎదురయ్యారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1940లో వచ్చిన ‘ది ప్రౌడ్ వ్యాలీ’ చిత్రంలో ఆయన వేల్స్ గనిలో పనికి కుదిరి, తోటివారిని కాపాడుతూ ప్రాణం వదిలే నల్ల కార్మికుడి పాత్ర వేశాడు. వలస పాలననూ ప్రచ్ఛన్న యుద్ధాన్నీ వ్యతిరేకించినందుకు అమెరికా 1950లో ఆయన పాస్‌పోర్టు లాగేసుకుంది. 1957లో వేల్స్ గని కార్మికుల ఉత్సవానికి ఆయన న్యూయార్క్ నుంచి టెలిఫోను తీగ మీద పాడాడు. మరుసటి ఏడాది ఆయన అరవయ్యో పుట్టినరోజును భారతదేశంలో జరపాలని పెద్దలు పూనుకున్నారు. అమెరికా ప్రభుత్వానికి నచ్చకపోయినా నెహ్రూ ఆ వేడుకను సమర్థించారు. ఒక గాయకుడి పుట్టినరోజు రెండు ప్రభుత్వాల మధ్య తగువుగా మారిందంటే ఆ గొంతుకు ఎంత బరువుందో తెలుస్తుంది.

ఈ చరిత్రలో తెలుగువారికి నేరుగా చోటున్నది నాటాల్ బొగ్గు గనుల్లో. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1,52,000 మందికి పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. వారిలో ఎక్కువ మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు. అధికభాగం చెరకు తోటలకు పోగా, కొందరు న్యూకాజిల్, డండీ బొగ్గు గనుల్లోకి దిగారు. ఒప్పందం తీరాక అక్కడే ఉండాలంటే మనిషికి ఏటా మూడు పౌండ్ల పన్ను. గని కూలీకి అది నెలల సంపాదన. ఆ పన్ను మీద 1913 అక్టోబరులో న్యూకాజిల్ గని కార్మికులు పని ఆపేశారు. గాంధీ వెంట రెండు వేల మందికి పైగా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. ప్రభుత్వం వారిని పట్టి మళ్లీ గనులకే తోలింది. గని ఆవరణలే జైళ్లయ్యాయి, కంపెనీ మనుషులే వార్డర్లయ్యారు. అయినా సమ్మె తోటలకు పాకింది. 1914లో పన్ను రద్దయింది.

పక్కనే పనిచేస్తున్న ఆఫ్రికన్ కార్మికులకు మాత్రం ఆ సమ్మెలో చోటు లేదు. ఇది చిన్న లోపమేమీ కాదు. దాన్ని దిద్దుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1946 ఆగస్టులో జె.బి. మార్క్స్ నాయకత్వాన 60,000 మందికి పైగా ఆఫ్రికన్ బంగారు గని కార్మికులు రోజుకు పది షిల్లింగుల కూలి అడుగుతూ సమ్మెకు దిగారు. పోలీసులు కనీసం తొమ్మిది మందిని చంపి సమ్మెను అణచారు. అదే ఏడు అక్కడి భారతీయులు తమ భూమి హక్కులను కుదించిన చట్టానికి ఎదురు తిరిగారు. భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికా జాతివివక్షను ఐక్యరాజ్య సమితి ముందు పెట్టింది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు డాక్టర్ జూమా, డర్బన్ కార్మిక నాయకుడు హెచ్.ఎ. నాయుడు న్యూయార్క్ చేరారు. వారికి అక్కడ అండగా నిలిచింది రోబ్సన్ అధ్యక్షుడిగా నడిచిన, తర్వాత డుబాయిస్ కూడా చేరిన కౌన్సిల్ ఆన్ ఆఫ్రికన్ అఫైర్స్. 1947 మార్చిలో జూమా, దక్షిణాఫ్రికా భారతీయుల నాయకులు దాదూ, నాయకర్ అనే ముగ్గురు డాక్టర్లు ఉమ్మడి పోరాటానికి ఒప్పందం చేసుకున్నారు.

దేశాల హద్దులు దాటిన ఈ రాజకీయాలకు అమెరికాలో ప్రతీకారం కొద్ది ఏళ్లలోనే వచ్చింది. 1951లో డుబాయిస్‌ను పరాయి దేశపు ఏజెంటని కేసు పెట్టి బోనెక్కించారు, కేసు నిలవలేదు. నల్లజాతి శ్రామిక స్త్రీ మీద వర్గం, జాతి, ఆడతనం మూడు బరువులూ కలిసి పడుతున్నాయని 1949లో రాసిన క్లాడియా జోన్స్‌ను 1955లో దేశం నుంచి పంపేశారు. పౌరహక్కుల కోసం పోరాడితే కొంత ఓర్చుకున్న ప్రభుత్వం, అదే మనిషి విదేశాంగ విధానం మీద నోరు తెరిస్తే ఓర్చుకోలేదు. మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 4న వియత్నాం యుద్ధాన్ని ఖండించినప్పుడు అంతవరకు మెచ్చుకున్న పత్రికలు సైతం తిరగబడ్డాయి.

తెలుగులోకి ఈ గాలి పుస్తకాల మీదుగా వచ్చింది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలి ప్రచురణల్లో అదొకటి. హేలీ వామపక్ష రచయిత కాడు, కానీ ఆ పుస్తకం ఇక్కడ చదివిన తీరులో ఎరుపు ఉంది. అప్పటికే 1972లో బొంబాయిలో అమెరికా బ్లాక్ పాంథర్ల పేరుతో దళిత పాంథర్లు లేచారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతల తర్వాత తెలుగు నేల మీద కులం, వర్గం లెక్క కొత్తగా తేల్చుకోవలసి వచ్చింది. 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్ వార్ నక్సలైటు పార్టీని స్థాపించిన కె.జి. సత్యమూర్తి, పార్టీలో కుల ప్రశ్న లేవనెత్తి బయటికొచ్చారు. శివసాగర్‌గా కవిత్వం రాసిన ఆయన కథను మేనకోడలు సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో ప్రపంచానికి చెప్పారు. అప్పటికి ఆమె న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరు. నల్లజాతి వామపక్షీయులు తమ పార్టీలను అడిగిన ప్రశ్నే సత్యమూర్తిదీ: వర్గం గెలిస్తే మెట్టు దానంతటదే కూలుతుందా?

సింగరేణిలోనూ ఆ ప్రశ్న దూరంగా లేదు. తట్ట, చెమ్మస్‌తో బొగ్గు నింపిన తొలి తరాల్లో దళితులు, వెనుకబడిన కులాలవారే ఎక్కువ. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల కూలి కోసే నిబంధన మీద 1981లో సాగిన 56 రోజుల సమ్మె వర్గ పోరాటంగానే గుర్తుంది. ఇప్పుడు రామగుండం ఆర్జీ-3 వైపు ఓపెన్ కాస్ట్ గనుల్లో పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ మధ్య ఉన్న తేడాలో పాత మెట్టు ఆనవాళ్లు వెతకవచ్చు.

నల్లజాతి వామపక్షం వాదనకు బొగ్గు ఇచ్చిన తిరుగులేని రుజువు 1974లో దొరికింది. అమెరికా విద్యుత్ కంపెనీ ఒకటి దక్షిణాఫ్రికా బొగ్గును అలబామాలోని మొబైల్ రేవుకు దించింది. నల్లవారి రాకపోకలను కట్టడి చేసే పాస్ చట్టాల కింద పనిచేసే నల్ల కార్మికుడి చౌక కూలే ఆ బొగ్గు ధరను తగ్గించింది. అలబామా గని కార్మికులు, నల్లవారూ తెల్లవారూ, పని మాని నిరసనకు దిగారు. బ్యానర్ గని పేలిన రాష్ట్రంలోనే, పరాయి ఖండంలోని కూలి తమ కూలిని నిర్ణయిస్తోందని వారు కళ్లారా చూశారు. వర్ణవివక్ష ప్రభుత్వం మీద ఆంక్షలు కోరుతూ నల్లజాతి సోషలిస్టు సభ్యుడు రాన్ డెలమ్స్ 1972 నుంచి అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు పెడుతూ వచ్చాడు. రీగన్ వీటోను తోసిరాజని 1986లో చట్టం వచ్చింది. అందులో నిషేధించిన దిగుమతుల్లో బొగ్గు ఉంది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో సిరిల్ రామఫోసా నడిపిన గని కార్మిక సంఘం మూడు వారాల సమ్మె చేసింది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 2012 ఆగస్టు 16న మారికానాలో సమ్మె చేస్తున్న 34 మంది ప్లాటినం కార్మికులను పోలీసులు కాల్చి చంపారు. ఆనాటికి రామఫోసా ఆ గని కంపెనీ బోర్డులో సభ్యుడు, వాటాదారు. ఏలేవాడి రంగు మారినా గని లెక్క మారకపోవచ్చని నల్లజాతి వామపక్షం చాలా కాలంగా హెచ్చరిస్తూనే ఉంది. మారికానా తర్వాత దక్షిణాఫ్రికాలో ఆ మాట ఎత్తినవారిలో గని కార్మికుల వితంతువులు ముందున్నారు.