రహస్యదీక్షలు – రాయలసీమ బాలుడు

పాశ్చాత్యుల మంత్రవిద్యా సంప్రదాయములను తెలిసికొనదలచిన విద్యార్థి మొట్టమొదట గమనింపవలసినది వాటి సోపానక్రమము. 1888లో లండనులో స్థాపితమైన ‘గోల్డెన్ డాన్’ సంఘములో చేరినవారు యూదుల కబాలా, జ్యోతిషము, టారో చీట్లు అభ్యసించుచు, పరీక్షలు నెగ్గుచు, మెట్టు తరువాత మెట్టు ఎక్కవలసి యుండెను. నేర్చినది వెలిపుచ్చమని ప్రమాణమును చేయవలెను. కవి యేట్సు 1890లో అందు ప్రవేశించినారు. అంత దాచిన ఆ విధులను 1937 మొదలు ఇజ్రాయెల్ రిగార్డీ అచ్చువేయించినారు.

అడయారులోని దివ్యజ్ఞాన సమాజము ఇట్టి మాంత్రిక సంఘము కాదు. కాని గురువు, రహస్యము, సోపానము అక్కడను కలవు. 1895లో మదనపల్లెలో జన్మించి, కడపలో కొంతకాలము పెరిగి, పదేండ్లకే తల్లిని కోల్పోయిన జిడ్డు కృష్ణమూర్తి 1909లో తండ్రి వెంట అక్కడికి చేరినారు. లెడ్‌బీటరు ఆ బాలునిలో భావి జగద్గురువును చూచినారు. 1910 జనవరిలో, పదునాలుగేండ్ల ప్రాయమున, మూసిన గదిలో ఆయనకు దీక్ష జరిగినది. మరుసటి సంవత్సరము ఆయన అధిపతిగా ‘తూర్పు నక్షత్ర సంఘము’ వెలసినది.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలాది సభ్యుల యెదుట, అనిబిసెంటు వినుచుండగా, ఆ సంఘమును ఆయనే రద్దుచేసినారు. సత్యమునకు ఏ సంఘమును దారి వేయజాలదని చెప్పినారు. వచ్చిన ఆస్తులు దాతలకు మరలినవి.

నేడు ఆ గ్రంథములను ఓర్వకల్లు విద్యార్థియైనను చరిత్రగా, యేట్సు కవిత్వమునకు వెలుగుగా చదువవచ్చును. అందులకు ప్రమాణములు అక్కరలేదు. గురువును ప్రశ్నింపరాదన్న నియమము ఎదురైనచోట మాత్రము, అందరికంటె పైమెట్టున నిలిపినను దిగివచ్చిన ఆ మదనపల్లె వానిని తలచుకొనవలెను.