నడుమ నిలిచిన ప్రోగ్రాము

కోరాపుట్‌లోగాని, 1992లో దానినుండి వేరుపడిన రాయగడ జిల్లాలోగాని తెలుగువారొకరు తమ యింటి పాత వ్రాతప్రతుల ఛాయాచిత్రములను కమాండు లైను ప్రోగ్రాముతో నకలు తీయుచున్నారనుకొందము. నడుమ నది నిలిచినది. చెడినదని విండోను మూసివేసినచో సగము పత్రములు నకలు కాకయే మిగులును. అన్నియు చేరినవను భ్రమతో మూలములను చెరిపినచో అవి మరల రావు.

విండోస్ 10 కన్సోలులో మౌసు నొక్కిన మాత్రముననే అక్షరముల యెంపిక మొదలగును. ప్రోగ్రాము తరువాతి పంక్తిని వ్రాయబోయి, అనుమతి లేక కాచుకొనును. శీర్షికలో ‘సెలెక్ట్’ అను మాట చేరుటయే గుర్తు. ఎస్కేప్ మీట నొక్కిన మరల సాగును. లినక్సులో కంట్రోల్-ఎస్ ఇట్టిదే. అది టెలిప్రింటరుల కాలపు ‘ఆగుము’ సంజ్ఞ. భద్రపరచు నలవాటున వ్రేలు దానిపై పడుట సహజము. విరుగుడు కంట్రోల్-క్యూ. ఇవేవియు కానిచో చివరి పంక్తిని చదువవలెను: ప్రోగ్రాము ప్రశ్న వేసి జవాబునకై వేచియుండవచ్చును.