గోల్డ్ ఫిష్‌తో నియాన్ టెట్రా ఎందుకు కలవదు?

మే నెలలో బిజినేపల్లిలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అక్వేరియం ముందు కూర్చుని చూడండి. గోల్డ్ ఫిష్ పైకి వచ్చి, గుండ్రటి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఆకలేమో అని మేత వేస్తాం. పాపం, దానికి కావలసింది గాలి!

నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు ఉంటే, 30 దగ్గర ఏడున్నరే. గోల్డ్ ఫిష్ పుట్టిల్లు చైనా. మన చెరువుల్లోని బొచ్చె, రవ్వలకు చుట్టమే. దానికి 20 డిగ్రీల చల్లదనం హాయి. నియాన్ టెట్రా అనే చిన్న చేపది అమెజాన్ ప్రాంతం, దానికి 25 వరకూ వెచ్చదనం కావాలి.

ఇంకో చిక్కు ఉంది. గోల్డ్ ఫిష్‌కు జీర్ణాశయమే లేదు! తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే రోజంతా మేస్తూనే, విసర్జిస్తూనే ఉంటుంది. నీళ్లలో అమ్మోనియా పెరిగి చిన్న చేపలు తట్టుకోలేవు. నోట్లో పట్టేంత టెట్రా ఎదురైతే మింగేస్తుంది కూడా.

గోల్డ్ ఫిష్‌కు మరో గోల్డ్ ఫిష్‌నే తోడివ్వండి. తొట్టిని ఎండ తగలని మూలన పెట్టండి. కరెంటు పోయి గాలి పంపు ఆగితే, మగ్గుతో తొట్టి నీళ్లే తోడి పైనుంచి సన్నగా పోయండి. ఆ ధారతోపాటు గాలీ లోపలికి దిగుతుంది.