దారులు మూయు వేళ ధాన్యపు దారి

ఊరిలో మశూచి సోకినపుడు పొరుగూరివారు రాకపోకలు మానుట మన పెద్ద లెరిగిన పద్ధతియే. దేశమంతయు నొక్కరాత్రిలో పొలిమేర కట్టుకొనుట మాత్రము 2020లో చూచితిమి.

ఆ యేడు మార్చి 24వ తేదీ అర్ధరాత్రి మొదలు కోవిడు వ్యాధి నరికట్టుటకై 21 దినములు రాకపోకలు నిషేధింపబడెను. రైతు సోదరులారా, అది యెట్టి తరుణమో మీకు వేరుగ జెప్పనక్కరలేదు. తెలంగాణమున యాసంగి వరి కోతకు వచ్చుచుండెను. మిరప కోతలు సాగుచుండెను. తినుబండారముల సరఫరాకు తొలి యుత్తరువులో మినహాయింపు గలదు గాని, పొలము పనులకు, కోతయంత్రములకు, మార్కెట్టు యార్డులకు స్పష్టమైన యనుమతి 27వ తేదీన గాని రాలేదు. మూడు దినము లేపాటి యనవచ్చును. వడ్లు కల్లమున నాగును, టమాటా ఆగదు.

రాకపోకల నాపుట వ్యాధిని నిర్మూలింపదు. దాని రాకను జాగు చేయును. వ్యాధి యింకను అడుగిడని చోట నా జాగు మిక్కిలి విలువగలది. ఆలోగా ఆసుపత్రులలో పడకలు సమకూర్చుకొనవచ్చును. ఊరంతయు వ్యాపించిన పిమ్మట దారికి ముండ్లకంప యడ్డము వేసిన లాభము స్వల్పము, నష్టము మాత్రము దినదినము పెరుగును.

ఈ వ్యాధిని మోయునది మనుష్యుల గుంపు గాని ధాన్యపు బస్తా గాదు. ఈ భేదము గ్రహించిన చోట పని సాగెను. పంజాబులో ఏప్రిల్ 15న గోధుమ కొనుగోలు ప్రారంభించి, మండీల సంఖ్య పెంచి, రైతులకు చీటీలిచ్చి వంతుల ప్రకారము పిలిచిరి. తెలంగాణమున సహకార సంఘములు, మహిళా సంఘములు ఊళ్లలోనే వడ్లు కొనెను. చిక్కులు లేకపోలేదు. ఎక్కడో బెంగాలులో జనపనార మిల్లులు మూతపడగా ఇక్కడ గోనెసంచులకు కరవు వచ్చెను! అయినను ఆ యేడు ఏప్రిల్–జూన్ నెలలలో దేశపు టుత్పత్తి నూటికి సుమారు 24 వంతులు తగ్గగా, సేద్యము 3 వంతులకు పైగా పెరిగెను.

ధాన్యమునకు దొరకిన దారి కూలీలకు దొరకలేదు. మిరప కోతకు ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చినవారు అడవిదారుల కాలినడకన పోయిరి. వలస శ్రామికుల మొదటి ప్రత్యేక రైలు లింగంపల్లి నుండి హటియాకు మే 1న గాని కదలలేదు.

కావున మన సంఘములు ప్రతి కోతకు ముందే గ్రామమునకు వలయు కోతయంత్రములు, గోనెసంచులు, పొరుగు రాష్ట్రముల కూలీలు ఎందరో పట్టిక వ్రాసి యుంచవలెను. దారులు మూయుదురని వినిననాడే దానిని తహశీలుదారున కందజేయవచ్చును. పట్టికలో కూలీల పేర్లు మొదట వ్రాయవలెను.