నిరుద్యోగ భృతి – నా అనుభవం

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని కార్యదర్శి ఫోన్ చేశాడు. "అమెరికా గురించి రాయండి సార్" అన్నాడు. నయాగరా జలపాతం గురించీ, న్యూయార్క్ మేడల గురించీ చదివి చదివి మీకు విసుగెత్తి ఉంటుంది. అంచేత అక్కడినుంచి వచ్చేవాళ్ళు సాధారణంగా చెప్పుకోని సంగతి ఒకటి రాస్తున్నాను. అది ఉద్యోగం పోవడం. పోయాక ప్రభుత్వంవారి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకోవడం. ఈ రెండూ నాకు 2023లో కాలిఫోర్నియా రాష్ట్రంలో అనుభవమయ్యాయి.

ఆ జనవరిలో కంప్యూటర్ కంపెనీలు వేలకొద్దీ జనాన్ని తీసేస్తున్నాయి. 18వ తేదీ బుధవారం పొద్దున్న నా వంతు వచ్చింది. పదకొండేళ్ళు పనిచేసినచోట వీడ్కోలుకు పదకొండు నిమిషాలు కూడా పట్టలేదు. అక్కడ దీన్ని లేఆఫ్ అంటారు. మన కార్మిక చట్టాలలో లేఆఫ్ అంటే పని లేనప్పుడు తాత్కాలికంగా కూర్చోబెట్టడం, ఉద్యోగం మాత్రం ఉన్నట్టే. అమెరికావాళ్ళ లేఆఫ్‌లో ఉద్యోగమే పోతుంది.

"భృతికి అప్లై చెయ్యండి" అని నా భార్య ఆ రోజే చెప్పింది. నేను వినలేదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, సొంత ఇల్లున్నవాణ్ణి, ప్రభుత్వం ముందు చెయ్యి చాపడమా అనిపించింది. అలా మూడు వారాలు గడిపేశాను. ఆదివారం ఆదివారం నాన్నతో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా దాచాను. మూడో ఆదివారం నా గొంతునిబట్టే ఆయన కనిపెట్టేశారు. అంతా విని ఇలా అన్నారు:

"ఒరేయ్, ముప్ఫయ్యేళ్ళు ఎల్.ఐ.సి. ఏజెంటుగా తిరిగాను. ఎన్ని ఇళ్ళకి క్లెయిమ్ చెక్కులు తీసుకెళ్ళి ఇచ్చానో లెక్క లేదు. వాళ్ళలో ఒక్కరైనా నేను దానం చేశానని అనుకున్నారా? ప్రీమియం కట్టారు, పుచ్చుకున్నారు. నీది మాత్రం వేరా?"

నాన్న అమెరికా చట్టం చదవలేదు గాని, సరిగ్గా చెప్పారు. ఇది నిజంగా బీమాయే. 1929 తర్వాత వచ్చిన ఆర్థికమాంద్యంలో, 1933 నాటికి అమెరికాలో పనిచేసే నలుగురిలో ఒకరికి పని లేదు. విస్కాన్సిన్ రాష్ట్రం 1932లోనే నిరుద్యోగ బీమా చట్టం చేసింది. రూజ్వెల్ట్ ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా ఉన్న ఫ్రాన్సిస్ పెర్కిన్స్ చొరవతో 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చాక మిగతా రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టాయి. ప్రీమియం కట్టేది యజమాని. కాలిఫోర్నియాలో ఒక్కో ఉద్యోగికి ఏడాదిలో ఇచ్చే మొదటి 7,000 డాలర్ల జీతం మీద పన్ను రూపంలో కడతాడు. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత పట్టుకుంటారు. ఈ సంగతి తెలిశాక నా మనసులోని ముల్లు ఊడిపోయింది.

ఇక దరఖాస్తు. కాలిఫోర్నియాలో దీన్ని చూసే శాఖను క్లుప్తంగా ఇ.డి.డి. అంటారు. ఆఫీసు చుట్టూ తిరగక్కరలేదు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నింపవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు, గత పద్ధెనిమిది నెలల్లో పనిచేసిన యజమానుల పేర్లు, చిరునామాలు, జీతాలు, ఆఖరిరోజు తేదీ, పని ఎందుకు పోయిందో కారణం, ఇవన్నీ అడుగుతారు. కారణం దగ్గర జాగ్రత్త. పరువు కోసం "నేనే మానేశాను" అని రాసేవాళ్ళున్నారు. సరైన కారణం లేకుండా తనంతట తాను మానేసినవాడికీ, తప్పు చేసి పోగొట్టుకున్నవాడికీ భృతి రాదు. పని లేక తీసేస్తే తీసేశారనే రాయాలి. యజమానికి కూడా నోటీసు వెళుతుంది, రెండు మాటలూ కలవకపోతే ఫోన్లో విచారిస్తారు. కాదంటే నోటీసు పంపిన తేదీనుంచి ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఎంత వస్తుందన్నది పాత సంపాదననిబట్టి ఉంటుంది. ఏడాదిని మూడేసి నెలల భాగాలు చేస్తారు. పూర్తయిన ఆఖరి ఐదు భాగాల్లో మొదటి నాలుగూ లెక్కలోకి వస్తాయి. నేను ఫిబ్రవరి 2023లో పెట్టాను గనక, అక్టోబర్ 2021 నుంచి సెప్టెంబర్ 2022 దాకా వచ్చిన జీతం చూశారు. అందులో ఎక్కువ సంపాదించిన మూడు నెలలనుబట్టి వారపు మొత్తం కడతారు. ఎంత పెద్ద జీతగాడికైనా వారానికి 450 డాలర్లే గరిష్ఠం. 2005 నుంచి ఆ అంకె మారలేదు. మామూలుగా 26 వారాలకు మించి ఇవ్వరు. మొదటి వారం నిరీక్షణ వారం, దానికి డబ్బు లేదు. వచ్చినదాని మీద కాలిఫోర్నియా రాష్ట్రం పన్ను వెయ్యదు, కేంద్రం వేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: క్లెయిమ్ మొదలయ్యేది ఉద్యోగం పోయిన రోజునుంచి కాదు, దరఖాస్తు పెట్టిన వారంలోని ఆదివారం నుంచి. నాకు జూన్‌లో మళ్ళీ ఉద్యోగం దొరికింది. అప్పటికి నా వారాలు ఇంకా మిగిలే ఉన్నాయి. అంటే సిగ్గుపడి కూర్చున్న ఆ మూడు వారాలూ ఊరికే పోయినట్టే. మూడు నాలుగువందల యాభైలు, 1,350 డాలర్లు. ఇంటి అప్పు వాయిదా కోసం బంగారం అమ్ముదామా అని నా భార్య అడిగిన నెల అది.

దరఖాస్తు పెట్టేస్తే అయిపోలేదు. రెండు వారాలకోసారి ప్రశ్నలకు జవాబివ్వాలి: పని చెయ్యలేనంత జబ్బు చేసిందా? పనికోసం వెతికావా? వచ్చిన పని కాదన్నావా? చదువులో చేరావా? ఏమైనా సంపాదించావా? ఒక వారం తెలిసినాయన కొట్లో లెక్కలు చూసిపెడితే 200 డాలర్లు ఇచ్చాడు. రాయాలా వద్దా అని ఒక పూట కొట్టుకున్నాను. చివరికి నియమం చదివాను. అందులో పావువంతు, అంటే 50 వదిలేస్తారు. మిగతా 150 కోసుకుని 300 ఇస్తారు. చేతికి మొత్తం 500 వచ్చినట్టే. నిజం చెప్పినవాడికే లాభం! దాచి దొరికితే తీసుకున్నది తిరిగి కట్టడమే కాక 30 శాతం జరిమానా కూడా.

అందరికీ ఈ అవకాశం లేదు. నాకు గ్రీన్ కార్డు ఉంది. నాతోపాటే పోయినవాళ్ళలో మన గుంటూరు కుర్రాడొకడు హెచ్‌-1బి మీద ఉన్నాడు. ఆ వీసా ఒక్క యజమానికే కట్టేసినది. ఎవరు పిలిస్తే వారి దగ్గర చేరగలవాడై ఉండాలనేది భృతికి షరతు గనక, సాధారణంగా వాళ్ళకు ఇది అందదు. అతని జీతం మీద కూడా యజమాని పన్ను కట్టాడు! పైగా మరో కంపెనీ దరఖాస్తు వెయ్యకపోతే అరవై రోజుల్లో దేశం విడవాలి. నేను 450 కోసం సిగ్గుపడుతుంటే, అతను గోడమీద క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటున్నాడు. యాభయ్యో రోజున ఉద్యోగం దొరికింది. ఆ రోజు మా ఇంట్లోనే భోంచేశాడు.

గ్రీన్ కార్డు రావలసినవాళ్ళు "భృతి తీసుకుంటే రేపు ప్రభుత్వానికి భారమంటారేమో" అని భయపడతారు. 2022లో వచ్చిన నియమాలు ఈ భృతిని భారం లెక్కలో చేర్చలేదు.

మన దేశంలో కూడా ఇలాంటిది బొత్తిగా లేకపోలేదు. ఇ.ఎస్.ఐ. చందా కట్టిన కార్మికుడికి పని పోతే తొంభై రోజుల దాకా కొంత సొమ్ము ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018 జూలైలో మొదలైంది. ఎంతమంది కార్మికులకు దాని పేరు తెలుసో మీ వీధిలో అడిగి చూడండి.

మిత్రులారా, మీలో చాలామంది రేపు ఉద్యోగాల్లో చేరతారు. చేరిన రోజునే జీతం ఎంతో చూసుకున్నట్టు, జీతంలోంచి ఏమేం పోతున్నదో, మీ పేరున యజమాని ఏమేం కడుతున్నాడో కూడా చూసుకోండి. పని పోయిన రోజు వస్తే, ఆ వారమే దరఖాస్తు పెట్టండి. ఆ వారమే ఇంట్లోవాళ్ళకూ చెప్పండి. నేను రెండూ ఆలస్యం చేశాను.