తాడిపత్రి దర్శకుడి నవ్వుల దండు

ఒకరు ధాన్యం బస్తా, మరొకరు జొన్నదంటు. రేలంగి, రమణారెడ్డి తెరమీద కనబడితే చాలు, మాట పుట్టకముందే నవ్వు పుట్టేది. ఈ ఇద్దరూ చెరొక పక్షాన నిలిచిన చిత్రం 'మాయాబజార్'. అందులో కౌరవుల పొగరు అణిగింది కత్తితో కాదు, ఎగతాళితో. 1957 మార్చి 27న విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు అనంతపురం జిల్లావాసే. తాడిపత్రిలో 1912లో జన్మించిన కదిరి వెంకటరెడ్డి సినీలోకంలో కె.వి.రెడ్డి అయ్యారు. కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో సమాధి ఉన్న వేమనను 'యోగి వేమన'గా 1947లో తెరకెక్కించింది కూడా ఆయనే.

శిబిరంలో చదువు

పటాలాన్ని చూసి నవ్వుకోవడం అన్ని దేశాల్లోనూ ఉంది. 1941లో అమెరికాలో వచ్చిన 'బక్ ప్రైవేట్స్'లో ఎబాట్, కాస్టెల్లో జంట వీధిలో టైలు అమ్ముతూ, పోలీసుకు భయపడి ఒక సినిమాహాల్లో దూరుతుంది. తీరా చూస్తే అది సైన్యంలో మనుషులను చేర్చుకునే చోటు. శిక్షణకు పోతే ఆ పోలీసే అక్కడ సార్జెంటు!

మన చిత్రంలో శిబిరం ఘటోత్కచునిది. చినమయ వేషంలో రమణారెడ్డి అక్కడ మాయలు నేర్పే గురువు. లంబు, జంబు అనుచరులు. కొత్త మాట పుట్టించినవాడికి దక్కే పతకం వీరతాడు. పింగళి నాగేంద్రరావు కలాన పుట్టిన అసమదీయులు, తసమదీయులు అన్న మాటలు ఆ శిబిరం దాటి ఊరి రచ్చబండ దాకా వచ్చాయి.

ఎదుటి పక్షాన రేలంగి. దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారుడు. పేరుకు యువరాజు, గుండె మాత్రం పిరికిది. ఈ మగపెళ్లివారి మీదికి చినమయ బృందం తెచ్చిన ఆయుధాలు గదలు కావు. మనిషిని కింద పడదోసే మంచం గిల్పం. తనంతట తాను చుట్టుకుపోయే తివాచీ గింబళి.

నవ్వు వెనుక బాధ

ఇంతకూ ఈ దండయాత్ర దేనికి? తప్పిన మాట కోసం. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే బలరాముని భార్య రేవతి మనసు మారింది. అభిమన్యునికి ఇస్తామన్న శశిరేఖను లక్ష్మణకుమారునికి ఇవ్వజూశారు. వాన తప్పి, వేరుశనగ పైరు ఎండి, కలుపుకున్న సంబంధం చేజారిన ఇంటికి ఇది పురాణం కాదు, పక్కింటి కథ. మాయాశశిరేఖను చూసి రేలంగి బెదిరిపోతుంటే కడుపుబ్బ నవ్వు వచ్చేది అందుకే. కలిగినవాని గర్వం అక్కడ పెళ్లిపీటల మీదే జారిపడుతుంది.

కె.వి.రెడ్డి 1972లో, రమణారెడ్డి 1974లో, రేలంగి 1975లో కన్నుమూశారు. 2010లో చిత్రం రంగులద్దుకుని మళ్లీ హాళ్లకు వచ్చింది. చేతిలో పైకం లేని ఏడు ముఖం చాటేసే బంధువు ఉన్నంతకాలం ఆ నవ్వుకు పని ఉంటుంది.