గీజరులోని గార

మాదాపూరులో బోరునీరు వాడు ఇండ్లలో గీజరు కాయిలును ఊడదీసి చూచినచో, దానిపై సున్నమువంటి తెల్లని గార పెంకుకట్టి యుండును. ఇది ఎక్కడినుండి వచ్చినది?

దుర్గంచెరువు ఒడ్డున నిలచినవారికి సమాధానము కన్నుల ఎదుటనే యున్నది. ఈ ప్రాంతమంతయు గ్రానైటు శిల. వాననీరు మట్టిలోనికి ఇంకునపుడు అచ్చటి బొగ్గుపులుసు వాయువును కరగించుకొని కొంచెము ఆమ్లగుణము పొందును. పిదప రాతి పగుళ్లలో నిలచి, శిలనుండి కాల్షియమును గ్రహించి, బైకార్బొనేటు రూపమున దాచుకొనును. నీరు చూచుటకు తేటగానే యుండును. సబ్బు నురుగు రానపుడు గుట్టు బయటపడును. అట్టి నీటిని కాచినచో వాయువు వెడలిపోవును. మిగిలిన కార్బొనేటు నీటిలో కరగదు గనుక, అన్నిటికంటె వేడియైన చోటనే, అనగా కాయిలు మీదనే, అంటుకొనును. కఠినత్వము లీటరుకు 300 మిల్లీగ్రాములున్న నీరు 100 లీటర్లు తీసికొన్నచో, అందు 30 గ్రాముల సున్నపురాయికి సరిపడు పదార్థమున్నదన్నమాట. అదంతయు ఒక్కసారి దిగదు గాని, దినదినము కొంత చేరును.

వెనుకటి తరమువారి రాగి బాయిలరులో ఈ చిక్కు రెండువైపుల నుండెడిది. నడిమి గొట్టములో నిప్పు, చుట్టును నీరు. నిప్పువైపు మసి పట్టెడిది, నీటివైపు గార. గార రాగికంటె నూరు రెట్లకు పైగా తక్కువగా ఉష్ణమును ప్రసరింపజేయును. గాలిని పొదువుకొన్న మసి ఇంకను అధమము. నీటికి చేరని వేడి పొగతో పోయి కట్టెలు దండుగయ్యెడివి.

గీజరు సంగతి వేరు. గార పట్టినచో కరెంటు ఖర్చు రెట్టింపగునని పలువురి నమ్మకము. అది సరికాదు. కాయిలు నీటిలో మునిగియున్నది. దాని వేడికి వేరొక దారి లేదు. అయితే అదే వేడిని గార గుండ నెట్టుటకు కాయిలు మరింత కాగవలెను. తుదకు తొడుగు పగులును, లేదా లోని తీగ తెగును. ఇంతకంటె భయపడవలసినది మరొకటి కలదు. గార రక్షణ కవాటమును మూసివేసి, థర్మోస్టాటు కూడ చెడినచో, లోపలి పీడనమునకు దారి లేక తొట్టి పేలవచ్చును.

మెయిను ఆపి, నీరు చల్లారిన పిదప ఖాళీచేసి, తెలిసినవానిచేత కాయిలును తీయింపవలెను. దానిని నిమ్మఉప్పు ద్రావణములో నానబెట్టిన గార కరగిపోవును. గచ్చు కడుగు యాసిడ్ త్వరగా పనిచేయును గాని లోహమునుకూడ తినివేయును. విద్యార్థులు ఒక గార పెచ్చును నిమ్మరసములో వేసి చూడవచ్చును. పైకివచ్చు బుడగలను సున్నపుతేటలోనికి పంపినచో అది పాలవలె మారును. వాన నాడు మట్టిలో నీటితో కలిసిన వాయువే అది.